రెండు కాళ్ళకీ పసుపు

ఆమె రెండు కాళ్ళకీ పసుపు రాయడం నేను రెండుసార్లు చూశాను. రెండోసారి మొన్న, బిలాస్‌పూర్ పక్క మోప్కాలో, వాళ్ళింట్లో ఆమె పోయినప్పుడు. ముత్తయిదువగా పోయింది కాబట్టి ఆడవాళ్ళు స్నానం చేయించి, కొత్త చీర చుట్టి, పాదాలకు పసుపు పూశారు. పాదాలు రెండూ పక్కపక్కన చేర్చి పెడదామంటే కుదరలేదు. ఎడమది నాలుగు వేళ్ళ మేర పైకే ఉండిపోయింది, కొంచెం లోపలికి తిరిగి. ఎవరి కోడలో, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, హిందీలో అడిగింది: ఆంటీకి ఆపరేషన్ అయిందన్నారు కదా, మరి కాలు ఇలా ఎందుకుంది అని. గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్న ఆమె భర్త తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు.

"తడి నేల మీద జారింది."

చెప్పి, అప్పుడు తల ఎత్తి నా వైపు చూశాడు. నేను పసుపు గిన్నె అందుకుని ఎడమ పాదానికి రాశాను.

ఆమె పేరు రాయను. పేరు పెట్టి మా క్వార్టర్ల లైన్లో ఆమెను ఎవరూ పిలిచేవారు కారు. వెనకాల కుంటమ్మ అనేవారు, ఆ సంగతి ఆమెకు తెలుసు. నేను పిన్నీ అనేదాన్ని. నలభై దాటాక నేను పలక పట్టుకుని అక్షరాలు దిద్దుకుంటున్నానని విని ఆమె మా గుమ్మంలోకి వచ్చి, "వోలమ్మ, ఇంక నీ ముందర జాగర్తగుండాల. నేర్సుకో గానీ, నా సంగతి నేను పోయినాక రాయి" అంది. నవ్వుతూనే అంది. అయినా ఆగాను. ఆమె అప్ప, అంటే అక్క, పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఇప్పుడు రాస్తే నొచ్చుకునేవాళ్ళు ఎవరూ లేరు.

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా వరసంతా విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో వచ్చినవాళ్ళం. గోడకి గోడ ఆనుకుని ఇళ్ళు. ఒకరింట్లో మిరపకాయ వేగితే పక్కింటివాళ్ళు తుమ్మేవారు. మనిషిని చూడకుండానే అడుగుని బట్టి ఎవరొస్తున్నారో చెప్పేవాళ్ళం. ఆమె అడుగైతే చంటిపిల్లలు కూడా చెప్పగలరు. ఒక అడుగు బరువుగా, తర్వాతి అడుగు తేలిగ్గా, మధ్యలో చెప్పు నేలను గీరిన చప్పుడు.

ఎవరింటికి వచ్చినా కూర్చునేది కాదు. గుమ్మానికి భుజం ఆనించి, బరువంతా కుడికాలి మీద వేసి, ఎడమ మడమ గాలిలో ఉంచి నిలబడేది. "కూకో పిన్నీ" అంటే, "కూకుంటే మరి లెగడానికి క్రేన్ పిలవాల. పిలుస్తావేటి?" అనేది. భర్త సిక్‌లైన్లో ఫిట్టరు. చెడిపోయిన వ్యాగన్లను బాగు చేయడానికి పక్కకు తెచ్చి నిలబెట్టే లైను అది. "మీ బాబాయి ఊళ్ళో వేగన్లన్నీ బాగుసేసి పంపీస్తాడు. ఇంట్లో సిక్కు వేగన్ని మాత్రం ఇరవయ్యేళ్ళై అలగే నిలబెట్టీసినాడు" అని ఆయన వినేలా అనేది. ఆయన అన్నం కలుపుకుంటూ వినేవాడు.

శ్రావణమాసం పేరంటాలకు వచ్చేది. వరసగా కూర్చున్న మా అందరి పాదాలకూ ఇంటావిడ పసుపు రాస్తూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ ఆమె ముందు ఆగితే, కుడిపాదం ఒక్కటే ముందుకు జరిపేది.

"రెండోదేదే?"

"అది ఇంకా ఎదగాల. ఎదిగినాక రాద్దురు."

అందరం నవ్వేవాళ్ళం. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూ ఎడమపాదం మీదికి చీర కుచ్చెళ్ళు లాక్కునేది. ఆ లాక్కోవడం నాకు బాగా గుర్తు. ఒక వేలితో, ఏదో చీమను తోలినట్టు.

కాలు అలా ఎందుకైందో కూడా మాకందరికీ తెలుసు. నెలల పిల్లగా ఉన్నప్పుడు ఆమె అప్ప సంకనేసుకుని పెరట్లో తిప్పుతుంటే జారి పడిందట. అప్పకి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. పడ్డప్పుడు పిల్ల ఏడ్చి ఊరుకుంది. నడక వచ్చే వయసులో ఒక పక్కకు ఒరిగిపోతూ నడిచింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఎవరికి కోపమొచ్చినా, పెళ్ళి సంబంధం ఏది తప్పినా, ఆ పెరడూ ఆ సంకా మాటల్లోకి వచ్చేవట. ఆమె మాత్రం అప్పను ఏనాడూ ఒక్క మాట అనలేదు.

అప్ప ఏడాదికోసారి ఊరినుంచి వచ్చేది. బక్కపలచని మనిషి. వచ్చిన గంటలోనే చెల్లెలి ఇంటి అంట్లు తోమి, బట్టలు ఉతికి, నీళ్ళు నింపేసేది. నా చిన్నపిల్ల పుట్టిన ఏడు, పొత్తిళ్ళలో పిల్లను తెచ్చి, "ఒకసారి పట్టుకో పెద్దమ్మా, నీళ్ళు పట్టుకొచ్చీస్తాను" అని చేతులు చాపాను. ఆవిడ రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుంది. దొంగిలించినది దాచుకున్నట్టు. "సాపేసి దాని మీద పడుకోబెట్టమ్మా. నాను పక్కన కూకుంటాను" అంది.

నలభై దాటేసరికి పిన్నికి నొప్పి మొదలైంది. ముందు వర్షాకాలంలో, తర్వాత అన్ని కాలాల్లో. పొయ్యి ముందు నిలబడి కూర తిప్పుతూ హఠాత్తుగా ఆగిపోయి, గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉంచి, పళ్ళు బిగించి నిలబడేది. "లోన రాయీ రాయీ రాసుకుంటున్నాయే" అంది ఒకసారి. జోకు లేకుండా ఆమె కాలి గురించి మాట్లాడటం నేను వినడం అదే మొదలు. రైల్వే ఆసుపత్రిలో ఫోటో తీశారు. తుంటికీలు పూర్తిగా అరిగిపోయిందనీ, అది తీసేసి ఇనప కీలు పెడతారనీ, కలకత్తా వెళ్ళాలనీ అన్నారు. ఇనప కీలు మాట మా లైన్లో అప్పటికి ఎవరూ వినలేదు.

కబురందుకుని అప్ప వచ్చేసింది. ఈసారి పెట్టెతో పాటు పాత చీరలో చుట్టిన మూట ఒకటి రైల్లోంచి దించుకుంది. దేవుడి పటమేమో అనుకుని మేము కాళ్ళు తగలకుండా పక్కకు తప్పుకున్నాం. ఇంటికొచ్చి విప్పితే పీట. పనసచెక్క పీట, వాడి వాడి నల్లబడినది, బెత్తెడు ఎత్తు కూడా లేదు. వాళ్ళ పుట్టింటి పీట.

"మొక్కీసినానే" అంది అప్ప. "రెండు కాళ్ళూ సమానం అయితే, మనింటి పీట మీద నిన్ను కూకోబెట్టి, నా సేత్తో కడిగి, రెండింటికీ పసుపు రాత్తానని పైడితల్లమ్మకి మొక్కినాను."

"కుర్చీ మీద కూకుంటాన్లే అప్పా. రాద్దువు."

"కుర్చీ అని మొక్కనేదు కదా తల్లీ."

పీటను గోడకు ఆనించి నిలబెట్టి కలకత్తా బండి ఎక్కారు ముగ్గురూ.

తిరిగొచ్చాక పిన్ని నాకు చెప్పిన మొదటి సంగతి ఆపరేషన్ గురించి కాదు. "ఎవలూ నన్ను పడెయ్యనేదటే" అంది. డాక్టరు ఎడమ అరచేతిని గిన్నెలా చేసి, కుడి పిడికిలి దాని పక్కన పెట్టి చూపించాడట. తల్లి కడుపులో ఉన్నప్పుడే తొడ ఎముక గుండు తుంటి గిన్నెలో కూర్చోలేదనీ, పడితే వచ్చేది ఇలా ఉండదనీ అన్నాడట. పిన్ని ఆయన్ని బతిమాలి, అప్పను లోపలికి పిలిపించి, మళ్ళీ మొదటినుంచి చెప్పించింది.

"మరి అప్ప ఏటంది?"

"ఆడు బెంగాలీవోడు, ఆవేళ మన పెరట్లోన ఉన్నాడేటి అంది."

ఇంట్లో అన్నీ ఎత్తు పెరిగాయి. మంచం కోళ్ళ కింద, రైలు పట్టాల కింద వేసే స్లీపరు చెక్క ముక్కలు పెట్టారు. షెడ్డు వడ్రంగి నడిమి చెక్క కోసేసిన కుర్చీ చేసిచ్చాడు, పాయిఖానా మీద వేసుకోవడానికి. పిన్ని బడిపిల్లలా అప్పజెప్పేది: "నేల మీద కూకోకూడదు. మోకాలు తుంటి కన్నా పైకి రాకూడదు. కాలు మీద కాలెయ్యకూడదు. కింద పడింది రాజ్యమైనా ఒంగి తియ్యకూడదు. తప్పితే కీలు ఊడి వొచ్చీస్తాదట, అచ్ఛా? అంత ఖరీదైన కాలు." అన్నీ ఎత్తయిన ఆ ఇంట్లో పీట ఒక్కటే నేలమట్టాన గోడకు ఆని ఉండేది. అప్ప రోజూ ఇల్లు ఊడ్చి, దాన్ని గుడ్డతో తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేది.

కర్రతో మొదలుపెట్టి, కొన్ని నెలలకు కర్ర వదిలేసింది పిన్ని. ఒకరోజు మధ్యాహ్నం ఎవరో కొత్త మనిషి లైన్లో నడిచొస్తున్న చప్పుడైంది. రెండు అడుగులూ ఒకేలా. ఎవరా అని బయటికి తొంగిచూస్తే పిన్ని. నాకు సంతోషం కలగాల్సింది. ఒళ్ళు జలదరించింది. మా ఇంటి ముందు ఆగి, "నన్ను గుర్తుపట్టనేదు కదే?" అంది, పెళ్ళికూతురిలా. వెనకాల వస్తున్న బాబాయిని నేను అడిగాను, ఎలా ఉంది అని. ఆయన పని చక్రాలను సుత్తితో కొట్టి చప్పుడు వినడం. కాసేపు ఆమె నడక విని, "సౌండు బాగుంది" అన్నాడు. అని ఆగి, "ఎక్కువ బాగుంది" అన్నాడు.

శ్రావణం వచ్చింది. అప్ప పీటను కడిగి ఎండలో పెట్టింది.

పీట సంగతి లైనంతా చర్చకు వచ్చింది. అప్ప వాదన ఒకటే: "డాకటరు నేల మీద వొద్దన్నాడు. పీట నేలేటి?" మా అత్తకు అది బాగా నచ్చింది. "నిజమే కదా. నేల మీద కూకోబెడితే తప్పని కదా మనిషికి పీటేస్తాం" అంది. మా వాళ్ళల్లో అంతే, పీట వేశాక ఇక అది నేల కాదు. ఇంకొకరు, పైన కంబళి మడత వేస్తే కుర్చీతో సమానమే అన్నారు. ఎవరికీ అనుమానం రాలేదు. పిన్ని ఆ మాటల మధ్య మంచం మీద కూర్చుని వింటూ ఉంది. ఎప్పుడూ లేనిది ఒక్క జోకూ వేయలేదు.

అందరూ వెళ్ళాక నేను అడిగాను. "పిన్నీ, పీట మీద కూకుంటే మోకాలు పైకి వొచ్చీస్తాది కదా?"

"వస్తాది."

"మరి సెప్పు."

ఆమె కిటికీలోంచి పెరట్లో నీళ్ళు తోడుతున్న అప్పను చూస్తూ మాట్లాడింది. "నీ గుంటపిల్లని ఎత్తుకోమని ఇస్తే అప్ప ఏటి సేసింది?"

"సేతులు ఎనక్కి పెట్టీసింది."

"నలభయ్యేళ్ళుగా అక్కడే ఉన్నాయే ఆ సేతులు. అప్పకి పిల్లల్నేరు. దేవుడు తెలిసే ఇవ్వలేదని అనుకుంటాది. డాక్టరు మాట అప్పకి ఎక్కదు. అమ్మోరి మాటయితే ఎక్కుతాది."

"కాలు పోతే?"

"ఇన్నేళ్ళు నేదు కదా. కొన్నాళ్ళు వొచ్చింది, సూసుకున్నాను."

బాబాయికి చెబుతానన్నాను. చెబితే ఈ గుమ్మం తొక్కవద్దు అంది. ఆమె నన్ను అంత మాట అనడం అదొక్కసారే.

శుక్రవారం పొద్దున్న. బాబాయి డ్యూటీకి వెళ్ళాడు. సాయానికి నేను వెళ్ళాను, పిల్లను మా అత్తకు అప్పగించి. గది మధ్య ముగ్గు వేసి, పీట వేసి, కంబళి మడత పరిచి ఉంది. ముందు ఇత్తడి పళ్ళెం, పక్కన బిందెడు నీళ్ళు. పిన్ని పట్టుచీర కట్టుకుంది. కిటికీ ఊచ పట్టుకుని, ఎడమకాలు ముందుకు చాపి, మెల్లగా, చాలా మెల్లగా దిగి కూర్చుంది. కూర్చుని ఊపిరి వదిలింది. కుడి పాదం కడగడం, రాయడం అయిపోయాయి. నేను ఆమె మోకాలినే చూస్తున్నాను.

"ఆ కాలు ఇలగ తే" అంది అప్ప. చాపిన కాలు పళ్ళెంలోకి అందలేదు. మడమ పట్టుకుని, మోకాలు మడిచి, తన వైపు లాక్కుంది. పిన్ని ముందుకు వంగింది. నీళ్ళు పోసి, తుడిచి, పసుపు తీసి మడమ నుంచి వేళ్ళ దాకా రాస్తూ, లోపలి పక్క రాయడానికి పాదాన్ని కొంచెం తిప్పింది.

మూత పెట్టిన డబ్బాలో గుండ్రాయి దొర్లినట్టు ఒక చప్పుడైంది.

"ఏటది?" అంది అప్ప.

"పీట" అంది పిన్ని. ఆమె ముఖంలో రక్తం లేదు. పై పెదవి మీద చెమట. "పాతదైపోయింది కదప్పా."

అని, ఒక వేలితో చీర కుచ్చెళ్ళను ఎడమపాదం మీదికి లాక్కుంది.

అప్ప చూడలేదు. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. పసుపు చేతులతోనే కళ్ళు తుడుచుకుని, "తీరిపోయిందే. తీర్చీసుకుంది అమ్మ" అంటోంది.

"మరింకేటి, లైనంతా బొట్టెట్టి సెప్పిరా" అంది పిన్ని. గొంతు మామూలుగానే ఉంది. అలా ఎలా ఉండగలిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. "ఆ చివరింటి నుంచి మొదలెట్టు."

అప్ప కుంకుమ పళ్ళెం పట్టుకుని వెళ్ళింది. అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా పిన్ని తల వంచుకుని విన్నది.

"తలుపు దగ్గరగా వెయ్యి. వేసినావా? ఆ బిందెలో నీళ్ళు ఒంపీ. ముగ్గు కనపడకూడదు."

"పిన్నీ..."

"ఒంపు."

ఒంపాను. నీళ్ళు గదంతా పరుచుకున్నాయి. చంకల కింద చేతులు వేసి ఆమెను పక్కకు జరిపాను. ఆమె పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. కంబళి దులిపి మంచం మీదికి విసిరాను. పీట తీసి గోడకు ఆనించాను. ఎడమకాలు కురచైపోయి, పాదం లోపలికి తిరిగి పడి ఉంది, పచ్చగా.

"నేను నడుస్తుంటే జారినాను. నువ్వు వంటింట్లో ఉన్నావు, సూడనేదు. అరుపు విని వొచ్చినావు."

"అరుపేదీ?"

"ఉండు. అరుస్తాను."

చెంగు నోట్లోంచి తీసింది. అప్పటిదాకా ఆపుకున్నదంతా అరిచింది. ఆ అరుపు విని పట్టాలవతల పనిచేసుకుంటున్న గ్యాంగువాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు.

బాబాయి గ్రీజు చేతులతోనే వచ్చాడు. ఆమెను మంచం మీదికి ఎత్తారు, స్ట్రెచర్ కోసం మనిషి పరిగెత్తాడు. అందరూ ఆమె చుట్టూ ఉన్నారు. బాబాయి ఒక్కడు నేల చూస్తున్నాడు. నేనూ చూశాను. గదంతా తడి, మధ్యలో పీటంత మేర నేల పొడిగా ఉంది. అంచులు గీత గీసినట్టు ఉన్నాయి. ఆయన గోడకు ఆనించిన పీట వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళు మూయలేదు, ఆయన్నే చూస్తోంది. ఆయన వంగి, బిందెలో మిగిలిన నీళ్ళు చెంబుతో తీసి, ఆ పొడి చోట పోశాడు. తర్వాత స్ట్రెచర్ వచ్చింది.

కీలును లాగి కూర్చోబెట్టారు. మళ్ళీ ఊడింది. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. ఇక ఆ కీలు ఎప్పటికీ గట్టిగా నిలవలేదు. ఆమె పాత నడక ఆమెకు తిరిగొచ్చింది, ఈసారి కర్ర చప్పుడుతో కలిపి.

ఆసుపత్రిలో మూడోనాడో నాలుగోనాడో పిల్లను చంకనేసుకుని చూడటానికి వెళ్ళాను. అప్ప మంచం పక్కన బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, గొంతు తగ్గించి, సిగ్గుపడుతూ, "ఈమాటు నాను కాదమ్మా. నాను గదిలోనే లేను. నువ్వు సూసినావు కదా" అంది.

"సూసింది" అంది పిన్ని మంచం మీంచి. "అందరూ సూసినారు. ఎవలూ ముట్టుకోకుండానే జారిపోయింది అప్పా ఈ కాలు. దీని గుణమే అంత. పుట్టుక నుంచీ అంతేనట."

అప్ప వేలాడుతున్న ఆ కాలును చూసింది. మడమ వెనక పసుపు ఇంకా పోలేదు. తర్వాత ఒళ్ళో ఉన్న చేతులు తిప్పి అరచేతులు చూసుకుంది. చూసుకుని, నా వైపు చాపింది.

"గుంటని ఇలగ తే అమ్మా. ఒకసారి పట్టుకుంటాను."

నేను పిన్ని వైపు చూశాను. ఆమె పళ్ళు బిగించి, ఇవ్వు అన్నట్టు గడ్డం ఆడించింది.

ఇచ్చాను. ఇచ్చాక కూడా నా చేతులు కాసేపు పిల్ల కిందే ఉంచాను. అప్ప చేతులు వణకలేదు.